హోంస్టేలో దుప్పి మాంసం పెట్టారు, ఇప్పుడు కంప్లైంట్ ఇస్తే మా మీదకీ వస్తుందా?

వైట్‌ఫీల్డ్‌వాసి:
అందరికీ నమస్తే. మాది అనంతపురం, బెంగళూరు వచ్చి ఆరేళ్ళయింది. పోయిన శనివారం ఆఫీసు టీమ్ అంతా కనకపుర అవతల ఒక హోంస్టేకి వెళ్ళాం, పేరు ఇక్కడ రాయను. రాత్రి భోజనాల దగ్గర ఓనరు ఒక్కో ప్లేట్లో రెండేసి ముక్కలు వేసి స్పెషల్ అన్నాడు, మేం మటనే అనుకున్నాం, సగం తిన్నాక దుప్పి అని చెప్పాడు, నిన్న రాత్రే పడిందంట. నాకు ఇక ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కుందామని పెరట్లోకి వెళ్తే తొట్టి పక్కన గోనె సంచి, దాని మూతిలోంచి ఒక కాలు బయటికి కనపడుతోంది, గిట్ట మేకపిల్లదంత ఉంది, అంటే ఇంకా పిల్లది. ఫోటో తీశాను. మావాళ్ళేమో వదిలెయ్ రా, మనమూ తిన్నాం కదా మనల్నే లోపలేస్తారు అంటున్నారు. మూడు రోజులుగా నిద్ర లేదు. శిక్ష ఎంత ఉంటుంది, తిన్నవాళ్ళకి కూడానా, ఎవరికి చెప్పాలి?

కోర్టుమెట్లు:
తమ్ముడూ, ముందు కంగారు తగ్గించుకో. ఇది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, 2022లో మార్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్తది నడుస్తోంది, కాబట్టి నెట్‌లో 25,000 దాకానే జరిమానా అని పాత లెక్క కనపడితే పట్టించుకోకు. ఈ చట్టంలో జంతువుల జాబితాలుంటాయి, షెడ్యూళ్ళంటారు, చుక్కల దుప్పి రెండో షెడ్యూల్‌లో ఉంది, చంపితే 3 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అదే శాంక్చురీలోనో నేషనల్ పార్కులోనో చంపుంటే కనీసం 3 ఏళ్ళు, 7 దాకా పోవచ్చు, జరిమానా 25,000కి తగ్గదు. మీరెళ్ళిన వైపు బన్నేరుఘట్ట, కావేరి శాంక్చురీ రెండూ ఉన్నాయి, అందుకే ఎక్కడ పడిందనేదే అసలు ప్రశ్న. కృష్ణజింకైతే మొదటి షెడ్యూల్, అడవిలో చంపినా చేలో చంపినా 3 నుంచి 7 ఏళ్ళు. ఇంకోటి, తుపాకీ పేలిస్తేనే వేట అనుకుంటారు చాలామంది, ఉచ్చు పెట్టినా, ఎర వేసినా, ప్రయత్నించి ఏమీ దొరక్కపోయినా చట్టం లెక్కలో వేటే.
హోంస్టేలో వండి వడ్డించడం విడిగా ఇంకో తప్పు. తెలిసి కొన్నా తీసుకున్నా తప్పే. నువ్వు తెలియక తిన్నావు, తెలిశాక ఆపేశావు, నువ్వే వెళ్ళి చెప్తే నిన్ను సాక్షిగానే చూస్తారని నా నమ్మకం. చెప్పాక కూడా తిన్నవాళ్ళు మాత్రం ముందు ఒక లాయరుతో మాట్లాడుకోవడం మంచిది.

రాగిచేను:
అన్నా నేను పలమనేరు దగ్గరోణ్ణి, నిజం చెప్తా, మా ఊరి వైపు ఇది ఎప్పట్నుంచో ఉంది. దుప్పులు పంట మేస్తే రైతు ఏడవడా? ఒక్క దుప్పికి మూడేళ్ళా?

అడవిదారి:
రాగిచేను గారూ, పంట పోతే కడుపు మండుతుంది, కాదనను, దానికి ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌లో పరిహారం అడగాలి, ఇంకా గట్టిగా అడగాలి. కానీ హోంస్టే ప్లేట్లో పడిన దుప్పి ఏ రైతు పంటా కాపాడలేదండి. నేను సెలవు రోజుల్లో ఫారెస్ట్ వాళ్ళ వెంట ఉచ్చులు తీయడానికి వెళ్తుంటాను. బైకు క్లచ్ వైరు, మోకాలెత్తున గుండ్రంగా ముడేసి మొద్దుకి కట్టేస్తారు, దగ్గరికెళ్ళే దాకా కనపడదు. ఒకచోట మొద్దు చుట్టూ నేల గుండ్రంగా దున్నేసినట్టుంది, బెరడంతా లేచిపోయింది, వైరుకి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి, ఎంతసేపు తిరిగిందో ఆ జీవం. దుప్పికి పెట్టిన ఉచ్చులో చిరుతా పడుతుంది, ఊరి కుక్కా పడుతుంది, వైరుకి తేడా తెలియదు కదా. వైట్‌ఫీల్డ్ తమ్ముడూ, 1926కి ఫోన్ చెయ్, కర్ణాటక ఫారెస్ట్ హెల్ప్‌లైన్. ఫోటో ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, ఫోన్లోంచి డిలీట్ అసలు చేయొద్దు. వండిన ముక్క దొరికినా డీఎన్ఏతో పట్టుకోవచ్చు, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళ ల్యాబ్‌లో ఈ పనే చేస్తారు.

కోర్టుమెట్లు:
అవును. పైగా మాంసం ఆ ఓనరు దగ్గర దొరికితే అది అక్రమం కాదని నిరూపించుకోవాల్సింది వాడే, ఈ చట్టంలో ఆ భారం వాడి మీదే పెట్టారు. వేటకి వాడిన బండి, తుపాకీ కూడా సీజ్ చేస్తారు.

వైట్‌ఫీల్డ్‌వాసి:
నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. ఇవాళ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి వెళ్ళి ఫోటో చూపించి, టైమూ తేదీ అన్నీ రాసిచ్చి సంతకం పెట్టాను. టీమ్‌లో ఇంకో అమ్మాయి కూడా వచ్చింది, మిగతావాళ్ళు నాతో మాట్లాడట్లేదు. అక్కడి గార్డు ఫోటోని పెద్దది చేసి ఆ గిట్టనే చాలాసేపు చూశాడు, నాలుగైదు నెలలది సార్ అన్నాడు. కోర్టుకి పిలిస్తే వస్తారా అని అడిగారు, వస్తానన్నాను.