‘ఊట’ అని రాస్తే భోజనం అనుకున్నారు

మేం బెంగళూరు బసవనగుడిలో పై వాటాలో ఉంటాం. నిన్న కింది వాటా ఆంటీ తోడుకి పెరుగు కావాలని వచ్చి మా ఫ్రిజ్ తెరిచారు. లోపల ఒక సీసా మీద నేను అంటించిన చీటీ కనిపించింది: ‘ఊట, 3వ రోజు’. ఈ రెండక్షరాలూ కన్నడంలో కూడా దాదాపు ఇలాగే ఉంటాయి కాబట్టి ఆవిడ ఇట్టే చదివేసి, “ఇదేను, బాటల్‌నల్లి ఊటానా?” అని ఒకటే నవ్వు. కన్నడంలో ఊట అంటే భోజనం కదా. సీసాలో ఉన్నది అల్లం, పంచదార, నీళ్ళు.

ఆవిడకి విడమరచి చెప్పబోయి నేనే ఇరుక్కున్నాను. అందుకే ఈ పోస్టు.

డల్లాస్‌లో మా బావమరిది ఇంట్లోనే బీరు తయారుచేస్తాడు. ఆమధ్య వాళ్ళమ్మకి ఫోన్‌లో “ఇంట్లో బీరు కాస్తున్నానమ్మా” అన్నాడు. మా అత్తగారు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ‘కాయడం’ అనేసరికి ఆవిడ కళ్ళ ముందు బట్టీ, పొగ, జీపు దిగుతున్న పోలీసులు. తప్పు ఆవిడది కాదు. తెలుగులో సారా కాస్తారు, కల్లు గీస్తారు. బీరుని ఏం చేస్తారో చెప్పే క్రియ మనకి సిద్ధంగా లేదు, వాడు చేతికందిన మాట వాడేశాడు.

నా ఉద్దేశంలో ఇంట్లో చేసుకునే ఈ పానీయాలకి మనకి మూడు క్రియలున్నాయి. బీరు, అల్లం సోడా లాంటివి పులియబెడతాం. నిమ్మతొక్కల లికర్ లాంటివి ఊరబెడతాం: తొక్క మీది పసుపు పొర మాత్రం చెక్కి (కింది తెల్లది వస్తే చేదు) వోడ్కాలో కొన్ని వారాలు ఉంచి, తరవాత పంచదార పాకం కలుపుతారు. ఇది అచ్చం ఊరగాయ పనే, ఉప్పుకి బదులు వోడ్కా. మూడోది కాయడం, అంటే ఆవిరి పట్టి చల్లార్చి దించడం. తమాషా ఏమిటంటే అమెరికా చట్టం కూడా సరిగ్గా మన క్రియల దగ్గరే గీత గీసింది. 1978లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో సొంతానికి ఏడాదికి 200 గ్యాలన్ల బీరు, అంటే 750 లీటర్ల పైచిలుకు, పులియబెట్టుకోవచ్చు. ఇంట్లో కాయడానికి మాత్రం అందులో చోటు లేదు. మన కర్ణాటకలో 1965 ఎక్సైజ్ చట్టం ఉంది, లైసెన్సు లేకుండా బీరు కూడా కుదరదు. కాబట్టి నేను అల్లం దగ్గరే ఆగిపోయాను.

ఇక అసలు ప్రశ్న. పులిసి, నురగలు కక్కుతూ సీసాలో ఉన్న ఆ ద్రవానికి పేరేమిటి? నాకు తోచింది ‘ఊట’. పేపర్లో ‘వెయ్యి లీటర్ల బెల్లం ఊట ధ్వంసం’ అని చదువుతుంటాం చూడండి, ఆ ఊటే. మాగాయ ఊటా ఇదే, ఊటబావిలో ఊటా ఇదే. ఇంత మంచి మాటని క్రైం పేజీకి వదిలేశామని నా బాధ. మీరేమంటారు?

మారతహళ్ళి నుంచి:
మాస్టారూ, ఒక చిన్న అభ్యంతరం. బీరుకి కూడా కాయడం ఉంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తియ్యటి నీళ్ళని హాప్స్ అనే చేదు పూలు వేసి గంటసేపు మరిగిస్తారు. చల్లారాకే ఈస్ట్ వేసేది. మీ బావమరిది అబద్ధం చెప్పలేదు, అత్తగారే కంగారు పడ్డారు.

బసవనగుడి:
పాలు కాస్తే పాలే, టీ కాస్తే టీయే. కుండలో ఉన్నది కుండలోనే ఉంటుంది. సారా కాస్తే కుండలోది వేరు, గొట్టంలోంచి చుక్కచుక్కగా దిగేది వేరు. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగితే ఆల్కహాలు 78 దగ్గరే ఆవిరవుతుంది, బట్టీ కిటుకంతా అదే. బీరు విషయంలో ‘మరిగించి పులియబెట్టాను’ అని ఉంటే మా ఇంట్లో ఆ రెండు రోజులూ ప్రశాంతంగా గడిచేవి.

జయనగర్ నుంచి:
మాది అమలాపురం వైపు అండీ. మా అమ్మమ్మ దగ్గర తరవాణి కుండ ఉండేది. మిగిలిన అన్నం, గంజి అందులో వేసి, ఉప్పు, కాస్త వాము, నాలుగు దబ్బాకులు. మర్నాటికి ఆ నీళ్ళు పుల్లగా, చల్లగా, కాస్త ముక్కుకెక్కే వాసనతో ఉండేవి. ఎండాకాలం పొద్దున్నే ఒక గ్లాసు తాగితే మధ్యాహ్నం దాకా దాహం ఉండేది కాదు. దాన్ని మేం ఎప్పుడూ ఊట అనలేదు. ‘తరవాణి పులిసింది’ అనేవాళ్ళం. మా చెవికి ఊట అంటే లోపలినుంచి తనంతట తాను బయటికి వచ్చేది. మామిడి ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి మూడు రోజులుంచితే దిగుతుందే, అది. మీ సీసాలో నీళ్ళు మీరు పోసినవి. ఆ లెక్కన అది ఊట ఎలా అవుతుంది?

ఇంకోటి కూడా. ‘పులిసింది’ అన్నమాట ఒక్కో చోట ఒక్కోలా పలుకుతుంది. దోసెల పిండి పులిస్తే సంతోషం. మజ్జిగ పులిస్తే మొహం ముడుస్తాం. అంబలి పులిస్తేనే అంబలి.

హోసూరు రోడ్డు నుంచి:
మాగాయ ఊటలో వేడన్నం కలుపుకుంటే తెలుగు ఊట, కన్నడ ఊట రెండూ ఒకే కంచంలో. చర్చ ముగిసింది.

యలహంక నుంచి:
ముగియలేదన్నా. కన్నడంలో తినే ఊట ‘ఉణ్ణు’ నుంచి వచ్చింది. మన ఊట ‘ఊరు’ నుంచి. నోరు ఊరడం, ఊరించడం, ఊరగాయ అన్నీ ఆ ఇంటివే. తమిళంలో ఊరగాయని ‘ఊఱుకాయ్’ అంటారు. నీటి ఊటకి కన్నడంలో ‘ఊటె’ అనే మాట వేరే ఉంది. కాబట్టి ఆంటీగారికి ‘ఊటె’ అని చెప్పి చూడండి, వెంటనే అర్థమవుతుంది.

బసవనగుడి:
జయనగర్ మేడం మాట ఒప్పుకోక తప్పడం లేదు. నీళ్ళు నేను పోసినవే. కానీ అందులోంచి పుట్టే గ్యాసు నేను పోసింది కాదు కదండీ. రోజూ రెండు చెంచాల అల్లం తురుము, రెండు చెంచాల పంచదార వేస్తుంటే నాలుగైదు రోజులకి బుడగలు వాటంతట అవే లేస్తాయి. తొలిసారి చేసినప్పుడు ఫ్రిజ్‌లో పెట్టకుండా మూత గట్టిగా బిగించి గట్టు మీద వదిలేశాను. తెల్లవారుజామున మూడింటికి ఢామ్మంది. గాజుముక్కలు కందిపప్పు డబ్బాలో దాకా దొరికాయి. అప్పటినుంచి ప్లాస్టిక్ సీసాలే వాడుతున్నా. నొక్కితే గట్టిగా తగిలిందంటే ఫ్రిజ్‌లోకి మార్చేయాలి.

ఇవాళ చీటీ మార్చాను. ‘పులిసిన అల్లం నీళ్ళు, మూత మెల్లగా తీయాలి’ అని రాశాను. ఆంటీ మళ్ళీ వచ్చారు, ఈసారి గ్లాసు పట్టుకుని. “ఊట ఎల్లి (ఎక్కడ)?” అన్నారు.