నాన్న ఆల్విన్ స్క్వేర్ వాచీ: డయల్‌కి రంగు వేయించాలా, మరకతోనే ఉంచాలా?

సనత్‌నగర్_కుర్రాడు
మొన్న బీరువా సర్దుతుంటే నాన్న ఆల్విన్ వాచీ దొరికింది. సీకో వాళ్ల సాంకేతిక సహకారంతో మన హైదరాబాద్‌లోనే వాచీలు తయారైన రోజుల నాటిది. కీ ఇచ్చే రకం, నలుపలకల కేసు. కీ తిప్పితే ఇప్పటికీ టిక్ టిక్ అంటోంది. చిక్కంతా డయల్‌తోనే. ఒకప్పుడు వెండి రంగు. ఇప్పుడు 4, 5 మధ్య ఉన్న మూల నుంచి టీ ఒలికినట్టు గోధుమరంగు మరక పాకి ముళ్ల ఇరుసు దాకా వచ్చింది. మిగతా మూడు మూలలూ శుభ్రంగానే ఉన్నాయి.
రిపేరు షాపులో అడిగితే "800 ఇవ్వండి, రంగు వేయించి కొత్తదానిలా చేసిస్తా" అన్నాడు. మనసొప్పడం లేదు. అలాగని ఆ మరకతో పెట్టుకోవాలన్నా ఏదోలా ఉంది. ఆగస్టులో చెల్లి పెళ్లి, ఆ రోజు అదే పెట్టుకోవాలని కోరిక. ఏం చేయమంటారు?

ఇత్తడి_ముల్లు
వద్దండీ, దయచేసి వద్దు. రంగు వేయించడమంటే మరక తుడవడం కాదు. ఉన్న రంగు, అక్షరాలు, నిమిషాల గీతలు అన్నీ మందు పెట్టి గీకేసి, ఉత్త లోహపు రేకు చేసి, దాని మీద మళ్లీ అచ్చు వేస్తారు. కంపెనీ వేసిన అచ్చు జన్మలో తిరిగి రాదు. కంటికి భూతద్దం పెట్టుకుని పాత డయల్ చూడండి, అక్షరాల అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. రంగు వేసినదాంట్లో అదే అక్షరం లావుగా, అలికినట్టు ఉంటుంది.

కోఠి_బేరం
ముల్లు గారూ, ఇదేమన్నా ఖరీదైన కార్టియే ట్యాంక్ వాచీనా, వేలంపాటకి పోవడానికి? ఇంట్లో వాచీ. నాది ఒకటే ప్రశ్న: వాళ్ల నాన్న కొన్న రోజు దాని మీద మరక ఉందా? లేదు కదా. ఆయన ముచ్చటపడి కొన్నది మెరిసే వాచీ. దాన్ని మళ్లీ మెరిపిస్తే తప్పెట్లా అవుతుంది? ఇంటికి సున్నం వేయిస్తే తాత కట్టిన ఇల్లు కాకుండా పోతుందా?

ఇత్తడి_ముల్లు
సున్నం వేయించండి, కానీ గడప మీద తాత చెక్కించిన పేరు చెరిపేసి మేస్త్రి చేత మళ్లీ రాయిస్తారా?
నా కోపానికి కారణం ఉంది. ఆరేళ్ల కిందట జుమ్మేరాత్ బజార్‌లో ఓ స్విస్ స్క్వేర్ వాచీ కొన్నా. నెమలికంఠం రంగు డయల్, చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఇంటికొచ్చి భూతద్దంలో చూస్తే 6 కింద గీతలు ఓ పక్కకి వాలి ఉన్నాయి, అడుగున ఉండాల్సిన 'స్విస్ మేడ్' లేనే లేదు. ఆ కంపెనీ ఆ మోడల్‌ని ఆ రంగులో అసలు చేయలేదని తర్వాత తెలిసింది. అమ్మినాయన మాత్రం "ఒరిజినల్ సార్" అని ఒట్టేశాడు. ఈ కుర్రాడు అమ్మడు, నిజమే. ఆయన తర్వాత అది ఎవరి చేతికి పోతుందో?

అట్లాంటా_నుంచి
ఓ చిన్న మాట. ఇక్కడ అమెరికాలో ఒకప్పుడు వాచీ సర్వీసుకిస్తే, డయల్ మాసిందనిపిస్తే రంగు వేయించి ఇవ్వడం మామూలు పని. ఎవరూ తప్పనుకోలేదు. "ముట్టుకోవద్దు" అన్న పట్టింపు మా లాంటి సేకరణ పిచ్చివాళ్లు తర్వాత తెచ్చిపెట్టిందే. నా దగ్గర పదకొండు స్క్వేర్ వాచీలున్నాయి, అందులో నాలుగు రంగు వేసినవే. తెలిసే కొన్నా, తెలిసే పెట్టుకుంటున్నా.
ఇంకోటి, చిన్నదని సంకోచించకండి. 28 మిల్లీమీటర్ల స్క్వేర్ మూల నుంచి మూలకి దాదాపు 39.6 వస్తుంది. చేతి మీద 34 మిల్లీమీటర్ల గుండ్రటి వాచీ కంటే పెద్దగా కనిపిస్తుంది.

గంటల_మేస్త్రి
నమస్తే సార్లూ. నేను రిపేరు పనివాణ్ణి, ముప్పై ఏళ్లుగా ఇదే బల్ల. మీరంతా రంగు గురించే కొట్టుకుంటున్నారు గానీ, నీళ్లు ఎట్లా పోయినయో ఎవరూ అడగలే.
గుండ్రటి వాచీకి గ్లాసు కొంచెం నొక్కి కేసులో కూర్చోబెడితే చుట్టూతా ఒకే తీరుగా బిగుస్తది. వెనక మూతకి మర పెట్టే వీలుంటది, తిప్పి బిగించొచ్చు. స్క్వేర్‌కి ఆ వీలు లేదు. నలుచదరపు మూతని మరతో తిప్పలేం కదా, నొక్కి పెట్టాలె, లేదంటే మూలల్లో చిన్న స్క్రూలతో బిగించాలె. (కొన్ని స్క్వేర్ కేసులకి వెనక గుండ్రటి మూత ఇస్తరు, అవి నయం.) గ్లాసు నాలుగు అంచుల్లో బిగిసినా మూలల్లో వెంట్రుకవాసి సందు మిగులుతది. 1969లో స్విస్ కంపెనీ హ్యూయర్ వాళ్లు మొనాకో అనే వాచీ తెచ్చినప్పుడు స్క్వేర్ కేసులోకి నీళ్లు పోవని గొప్పగా చెప్పుకున్నరంటే, అది అంత కష్టమైన పని కాబట్టే.
తమ్ముడూ, మరక 3 దగ్గర మొదలైతే కీ వాషర్ పోయిందనుకుంటం. నీది మూలలో మొదలైంది, అంటే గ్లాసు అక్కడ లేచింది. గోరుతో ఆ మూల మెల్లగా నొక్కి చూడు, కదులుతది. అది సరిచేయకుండా 800 పెట్టి రంగు వేయిస్తే రెండు వానాకాలాల్లో అదే మూలలో అదే మరక.
గుండ్రటి గ్లాసులు మిల్లీమీటర్‌లో పదో వంతు తేడాతో డబ్బాలో దొరుకుతయి. స్క్వేర్‌కి అట్ల దొరకవు. ప్లాస్టిక్ షీటు కోసి, గరుకు కాగితం మీద అరగదీసి, నాలుగు మూలలు కేసుకి సరిపోయేదాకా చూసుకుంట కూర్చోవాలె. నాకు పూట పడతది. అందుకే చాలామంది ఆ పని వదిలేసి డయల్‌కి రంగు వేసి చేతులు దులుపుకుంటరు.
ఫెవిక్విక్ మాత్రం పెట్టొద్దు, పెట్టనియ్యొద్దు. దాని ఆవిరికి గ్లాసు లోపల తెల్లగా పొర కడతది. తడి దూదితో డయల్ తుడవొద్దు, అక్షరాలు దూదికొస్తయి.

కోఠి_బేరం
మేస్త్రి గారు చెప్పింది ఒప్పుకున్నా. ముందు గ్లాసు, తర్వాత రంగు. కానీ రంగు వేయించాలనే అంటా.

ఇత్తడి_ముల్లు
మీరు మారరు. కుర్రాడూ, అంతగా మెరవాలంటే ఇంకో దారి. పాడైన ఆల్విన్ స్క్వేర్ ఏదన్నా ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికితే, కొలత సరిపోతే, దాని డయల్ వేయించి మీ నాన్నది కవర్‌లో దాచుకోండి.

కోఠి_బేరం
ఎవరో ముక్కూమొహం తెలియనాయన డయల్ పెట్టుకుంటే ఒరిజినలా? నాన్న డయల్‌కి రంగేస్తే పాపమా? బాగుంది మీ లెక్క.

సనత్‌నగర్_కుర్రాడు
అందరికీ థాంక్స్. మేస్త్రి గారు చెప్పినట్టు నొక్కి చూశా. మూల నిజంగానే కదిలింది. ఇవాళ ఇంకో రిపేరు ఆయన దగ్గర వెనక మూత తీయించా. లోపలి వైపు సూదితో గీకిన సన్నటి అక్షరాలు: 12-6-91, పక్కన ఏదో సంతకం. అప్పట్లో సర్వీసు చేసినాయన గీసుకున్నదట. అమ్మకి చూపిస్తే కాసేపు ఆలోచించి, "ఆ ఏడు వానల్లో మీ నాన్న సైకిల్ మీద తడిసి వచ్చి వాచీ బియ్యం డబ్బాలో పెట్టారు" అంది. ఆ మరక అప్పటిదేనేమో.
గ్లాసు కోయడానికి ఇచ్చేశా, వారం పడుతుందన్నాడు. డయల్ ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పి వచ్చా. బేరం గారూ, ఏమనుకోవద్దు. 18 మిల్లీమీటర్ల స్ట్రాప్ ఏ రంగు బాగుంటుంది?

కోఠి_బేరం
ఏమీ అనుకోను తమ్ముడూ. ముదురు గోధుమ లెదర్ తీసుకో, ఆ మరకకి మ్యాచ్ అవుతుంది.