111 జీవో ఊళ్లు తెరిస్తే హైదరాబాద్‌లో ఇల్లు చవకవుతుందా?

మియాపూర్ మామ:
రెండేళ్లుగా ఇల్లు వెతుకుతున్నాను. నల్లగండ్లలో ఒక త్రీ బీహెచ్‌కే మొదట చూసినప్పుడు కోటీ ఇరవై చెప్పారు. వంటగదిలో గాలి ఆడట్లేదని మా ఆవిడ వద్దంది. పోయిన నెల అదే బిల్డింగ్‌లో, అదే ఫేసింగ్‌కి కోటీ డెబ్భై అడిగారు. గాలి ఇప్పటికీ ఆడట్లేదు.

గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 ఊళ్లున్నాయి. మొత్తం 1,32,600 ఎకరాలు, అంటే 530 చదరపు కిలోమీటర్ల పైమాటే. పాత జీహెచ్‌ఎంసీ అంతా కలిపితేనే ఆరు వందల పైచిలుకు. చెరువుల్ని కాపాడాలని 1996 మార్చిలో 111 జీవో తెచ్చి, ఈ ఊళ్లలో పెద్ద కట్టడాలు ఆపేశారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఇచ్చి సడలిస్తామన్నారు, 2023 మేలో కేబినెట్ పూర్తిగా ఎత్తేస్తామంది. ఆ తర్వాత ప్రభుత్వమే మారింది. కథ అక్కడే ఉంది.

ఐటీ ఆఫీసులకి అరగంట దూరంలో ఇంత నేల పెట్టుకుని షాద్‌నగర్ దాకా, సదాశివపేట దాకా పోయి ప్లాట్లు కొంటున్నాం. సిటీకి తాగునీళ్లు ఎక్కువగా కృష్ణా, గోదావరి నుంచే వస్తున్నాయి కదా, ఇంకా ఈ ఆంక్షలెందుకు? సరుకు ఎక్కువైతే టమాటా ధర పడిపోతుంది, ఇంటి ధర ఎందుకు పడదు?

సెట్‌బ్యాక్:
టమాటా వారంలో కుళ్లిపోతుంది, అమ్మక తప్పదు. భూమి కుళ్లదు మామగారూ. ధర నచ్చకపోతే గోడ కట్టి పదేళ్లు కూర్చుంటారు.

నేను ఆర్కిటెక్ట్‌ని. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ మీద, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క మీద, పరిమితి లేదు. ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ (సెట్‌బ్యాక్) వదిలారు అన్నది చూసుకుని ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చు. ముంబైలో పనిచేసే నా క్లాస్‌మేట్ ఈ మాట వింటే ఇప్పటికీ నమ్మడు. అంటే అదే నేల మీద ఎన్ని ఇళ్లు కావాలంటే అన్ని కట్టుకునే వీలు మనకి ఇరవై ఏళ్ల నుంచే ఉంది. అయినా 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో ప్రభుత్వం వేసిన భూముల వేలంలో ఎకరం ఏకంగా 100.75 కోట్లకి పోయింది. ఎకరానికి 5 లక్షల చదరపు అడుగులు కడతారనుకోండి, అడుగుకి 2 వేలు నేలకే. 2 వేల అడుగుల ఫ్లాట్‌లో 40 లక్షలు ఇటుక పెట్టకముందే అయిపోయాయి.

డిమాండ్ దాసు:
సెట్‌బ్యాక్ గారూ, లెక్క తలకిందులుగా పెట్టారు. నేల వంద కోట్లయింది కాబట్టి ఫ్లాట్ ధర పెరగలేదు. ఫ్లాట్ అంత ధరకి అమ్ముడవుతుందని ధైర్యం ఉంది కాబట్టే బిల్డర్ వేలంలో చెయ్యెత్తాడు. 2023 ఆగస్టు వేలంలో పెట్టింది ఎంత? 45 ఎకరాలు. చేటలో పిడికెడు గింజలు చల్లితే కోళ్లు కొట్టుకోక ఏం చేస్తాయి? గంప కుమ్మరించాలి. నేను 111 తెరవాలనే అంటాను.

మొయినాబాద్ పూలబండి:
చదువుతూ ఉన్నాను, ఉండబట్టలేక రాస్తున్నాను. మాది ఆ 84లో ఒకటి. మూడెకరాల పదహారు గుంటలు. నేను ఏడో తరగతిలో ఉండగా జీవో వచ్చింది. అలాంటిదొకటి ఉందని మా ఊరికి తెలిసింది మాత్రం రెండేళ్ల తర్వాత, ఒకాయన కోళ్ల షెడ్డు పర్మిషన్‌కి పోతే.

మా మేనత్తవాళ్లది కట్టకి అవతల, కోకాపేట వైపు. వాళ్లబ్బాయి పెళ్లిళ్లలో కనిపిస్తే "ఏం రైతన్నా" అంటాడు, కారు తాళం వేలికి తిప్పుకుంటూ. నేను చామంతి వేస్తాను. రాత్రి రెండింటికి కోత, మూడున్నరకల్లా గుడిమల్కాపూర్ మార్కెట్. శ్రావణంలో కిలో నూట ఇరవై పలికిన పువ్వు, ఆషాఢంలో ఇరవైకి అడిగితే బండిలోంచి దించకుండానే వెనక్కి తెచ్చిన రోజులున్నాయి.

2021లో చెల్లె పెళ్లికి అర ఎకరం అమ్మాం. కొన్నది మాదాపూర్ సారు. చుట్టూ ప్రీకాస్ట్ గోడ, లోపల ఆరు మామిడి మొక్కలు, వాటి వెనక స్విమ్మింగ్ పూల్. శనివారం రాత్రి డీజే పెడితే మా బర్రెలు పాలివ్వవు. అదే మా నాన్న కొట్టానికి రేకులు మారిస్తే ఒకాయన వచ్చి ఫోన్‌లో ఫోటో తీసుకుని, "తర్వాత మాట్లాడదాం" అని పోయాడు. లేఅవుట్ వేయాలంటే 60 శాతం ఖాళీగా వదలాలి అనే నియమం మాకు నోటికొచ్చు. ఫంక్షన్ హాళ్లు, కాలేజీలు ఎలా లేచాయో మాత్రం అర్థం కాదు.

చెరువుని కాపాడొద్దని నేను అనను. అందులో నేను ఈత నేర్చుకున్నాను. కానీ సిటీ మొత్తం కోసం మా నేలని ముప్పై ఏళ్లు ఖాళీగా పట్టుకోమన్నారు, దానికి కిరాయి ఎవరిస్తారు?

మూసానగర్ వాసి:
తమ్ముడూ, నీ బాధ నిజం. ఇప్పుడు ఆ చెరువులకి దిగువన, మూసీ ఒడ్డున ఉండే మా సంగతి కూడా విను.

2020 అక్టోబర్‌లో ఆ చెరువుల గేట్లు ఎత్తుతున్నారని మైకులో చెబితే ఫ్రిజ్ తీసి మంచం మీద పెట్టి మా అక్కవాళ్లింటికి పోయాం. వచ్చి చూస్తే మంచం తేలుకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది, ఫ్రిజ్ బోర్లా పడి ఉంది. 2025 సెప్టెంబర్ చివర్లో మళ్లీ అదే. ఆసారి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే మూసీ వచ్చింది, ప్రయాణికులను రాత్రికి రాత్రి బయటికి తేవాల్సి వచ్చింది.

మియాపూర్ మామగారూ, ఆ చెరువులు తాగడానికే కట్టారని ఎవరు చెప్పారు మీకు? 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు ఉంది, ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని 150 మంది బతికారని అంటారు. ఆ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టినవి ఈ రెండూ. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెంటికీ కలిపి 7 టీఎంసీలు కూడా పట్టవు. పైనున్న పొలాలు, గడ్డి, కుంటలు వాన నీళ్లని పీల్చుకుని మెల్లగా వదులుతాయి కాబట్టి ఆ గిన్నె సరిపోతోంది. అక్కడంతా సిమెంటూ తారూ పరిస్తే రోజంతా రావాల్సిన నీళ్లు ఒక పూటలో వస్తాయి. గేట్లు ఎత్తక ఏం చేస్తారు? నల్లగండ్లలో మీ ఫ్లాట్ చవకయ్యేసరికి చాదర్‌ఘాట్‌లో మా మంచం మళ్లీ తేలుతుంది.

డిమాండ్ దాసు:
ఇదంతా భయపెట్టడం. డ్రైనేజీ సరిగ్గా వేసి, మురుగునీటి శుద్ధి ప్లాంట్లు కట్టి, ప్లాన్ ప్రకారం తెరవొచ్చు. ప్రపంచంలో చెరువుల పక్కన సిటీలు లేవా?

మూసానగర్ వాసి:
ప్లాన్ ప్రకారం అన్న మాట హైదరాబాద్‌లో కూర్చుని రాశారా సార్?

సెట్‌బ్యాక్:
దాసుగారూ, ఇది కోర్టు తేల్చిన విషయం కూడా. ఈ చెరువుల పైభాగంలో ఒక ఫ్యాక్టరీ పెట్టడం గురించి కాలుష్య నియంత్రణ మండలి వేసిన కేసులో 1999, 2000 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. హాని జరుగుతుందని ఊరివాళ్లు రుజువు చేయనక్కర్లేదు, జరగదని పెట్టేవాడే రుజువు చేసుకోవాలి అన్న సూత్రాన్ని అందులో గట్టిగా చెప్పారు. లక్ష ఎకరాలకి ఆ రుజువు ఎవరు తెస్తారు?

కౌలూన్ కబుర్లు:
పదకొండేళ్లుగా హాంకాంగ్‌లో ఉంటున్న గుంటూరువాడిని. 410 అడుగుల ఫ్లాట్‌లో ముగ్గురం. రైస్ కుక్కర్ వాషింగ్ మెషిన్ మీద ఉంటుంది, బట్టలు ఉతికేటప్పుడు అన్నం వండం.

ఇక్కడా ఇదే గొడవ. ఇళ్లున్నది మొత్తం నేలలో 7 శాతంలోనే. 40 శాతం కంట్రీ పార్కులు. పార్కుల అంచులు తెరవాలని కొందరు, సముద్రం పూడ్చి వెయ్యి హెక్టార్ల దీవులు కట్టాలని ప్రభుత్వం, ముందు పాత గోడౌన్లూ స్క్రాప్ యార్డులూ తీసుకోమని ఇంకొందరు. అసలు కిటుకు వేరే ఉంది. ఒక చర్చి కింద నేల తప్ప ఇక్కడ నేలంతా ప్రభుత్వానిదే, లీజుకి వేలం వేస్తుంది. ఆ డబ్బు మీదే పన్నులు తక్కువగా ఉంచుతుంది. అమ్మేవాడికి ధర తగ్గడం ఇష్టం ఉంటుందా? ఆఫీసులు ఖాళీ అయ్యి రేట్లు పడిపోయాక, 2025 బడ్జెట్‌లో ఆ ఏడాది ఒక్క కమర్షియల్ స్థలం కూడా అమ్మబోమని చెప్పారు. దాసుగారి గంప ఉంది చూడండి, ధర పడగానే దానికి మూత పెట్టేస్తారు.

కోకాపేట వేలం డబ్బు ఎటు పోతోందో ఒకసారి చూసుకోండి. మనదీ అదే దారి.

ఎల్‌ఐజీ ఫస్ట్ ఫ్లోర్:
కౌలూన్ అన్నయ్య మాట నూటికి నూరు. మా నాన్న మామూలు క్లర్కు. కేపీహెచ్‌బీలో హౌసింగ్ బోర్డు ఇల్లు వాయిదాల మీద కొన్నాడు. అప్పుడు ప్రభుత్వం నేలని వేలం వేయలేదు, ఇల్లు కట్టి ఇచ్చింది. అదొక్కటీ చెప్పి ఆపుతాను. కాదు, ఇంకోటి కూడా. 2023లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు ఒకేచోట ప్రారంభించారు. మా పనమ్మాయికి అక్కడ వచ్చింది. తాళం వేసి, ఆరు వేలు అద్దె కట్టి మా వెనక వీధిలోనే ఉంటోంది. ఉదయం ఆరింటికి నాలుగిళ్లలో పని, అక్కడి నుంచి ఎలా వస్తుంది?

మియాపూర్ మామ:
సరే, వరద సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. మరి నేల ఎక్కడి నుంచి రావాలి? కౌలూన్ గారన్న పాత గోడౌన్ల మాట మన దగ్గర హిల్ట్ పాలసీయే కదా? 2025 నవంబర్‌లో తెచ్చారు. బాలానగర్, జీడిమెట్ల, ఉప్పల్, నాచారం, కాటేదాన్ లాంటి 22 పారిశ్రామికవాడలు, 9,292 ఎకరాలు. ఫీజు కట్టి ఇళ్లకీ ఆఫీసులకీ మార్చుకోవచ్చు. చిన్న రోడ్డు మీదుంటే రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, 80 అడుగులు, ఆ పైన రోడ్డయితే 50 శాతం. రోడ్డు, నల్లా, కరెంటు, కొన్నిచోట్ల మెట్రో కూడా ఇప్పటికే ఉన్నాయి. ఏ చెరువూ పూడదు, ఏ చెట్టూ పడదు. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొడితే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది కదా, ఆ గొడవ ఇక్కడ లేదు.

లేత్ మెషిన్:
బాలానగర్‌లో 22 ఏళ్లుగా టర్నర్‌ని. మీకు అది మ్యాప్ మీద రంగు, మార్చేస్తే అయిపోతుంది. నాకు అది ఇది: మా షెడ్డులో డై, అంటే లోహపు అచ్చు, తయారవుతుంది. రెండు సందులవతల హీట్ ట్రీట్‌మెంట్. దాని ఎదురుగా ప్లేటింగ్. పక్కన గ్రైండింగ్. టీవీఎస్ ఎక్సెల్ మీద ముక్క పెట్టుకుని పొద్దున బయల్దేరితే సాయంత్రానికి పూర్తయిన పార్ట్ పార్టీ చేతిలో ఉంటుంది. ఒక్క ప్లేటింగ్ షాపు ఓనర్ ఫీజు కట్టి అపార్ట్‌మెంట్ మొదలుపెట్టాడనుకోండి, మిగతా ముగ్గురి పనీ ఆగిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పొమ్మంటారు. నలుగురం ఒకేరోజు, ఒకే సందులోకి పోతామా? మేం ఉండేది చింతల్‌లో, పిల్లల బడి అక్కడే.

ఇంకో మాట. ఆ ప్లాట్లు ప్రభుత్వం ఎప్పుడో చవకగా ఇచ్చింది పరిశ్రమ పెట్టమని. ఇప్పుడు 30 శాతం కట్టి కోట్ల నేల సొంతానికి వాడుకుంటారు. ప్రతిపక్షం దాన్ని లక్షల కోట్ల స్కాం అంటోంది, ఆ లెక్క సంగతి వాళ్లు చూసుకోనీ. నాకు తెలిసిన లెక్క ఒకటే, మా షెడ్డులో పద్నాలుగు మందిమి, ఆ ఫీజు ఫారంలో మాకు గడి లేదు.

జీడిమెట్లలో ఇల్లు కొనేవాళ్లు ముందు బోరు నీళ్లు గ్లాసులో పట్టి చూసుకోండి. మా బావమరిది బోరులో టీ రంగులో వచ్చేవి. కెమికల్ ఇంకిన నేలని శుభ్రం చేయకుండా దాని మీద పిల్లల పార్కు వేస్తారా?

కౌలూన్ కబుర్లు:
ఇక్కడ కై తక్ పాత ఎయిర్‌పోర్టు 1998లో మూశారు. ఊరి నడిబొడ్డున అంత ఖాళీ నేల. మొదటి ప్రభుత్వ ఇళ్లలోకి జనం వచ్చింది 2013లో. ప్లాన్లు మారాయి, కోర్టు కేసు ఒకటి నడిచింది. మామగారూ, మీ ఇంటికి మాత్రం ఇవేవీ అందవు. ఆ కోటీ డెబ్భై బేరమాడి చూడండి.

సెట్‌బ్యాక్:
లేత్ మెషిన్ గారి మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కో ప్లాటుకి ఒక్కో దరఖాస్తు కాకుండా ఒక వాడ మొత్తానికి ఒకేసారి ప్లాన్ వేసి, పనిచేస్తున్న సందుల్ని అలాగే ఉంచి, మూతబడినవే తీసుకుంటే కొంత నయం. అయినా నేను హిల్ట్ వైపే మొగ్గుతాను, కింద పైపులున్న నేల అది ఒక్కటే. మనకి కరువు నేలకి కాదు, పైపూ బస్సూ చేరిన నేలకి.

పూలబండి తమ్ముడు అడిగిన కిరాయి మాట మిగిలింది. దారి ఒకటుంది, టీడీఆర్. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకి డబ్బు బదులు ఇస్తున్నారు కదా, ఆ కాగితమే. మీ నేల మీద కట్టే హక్కుని మీరు అమ్ముకుంటారు, కొన్న బిల్డర్ సిటీలో ఇంకోచోట అదనంగా కడతాడు, మీ పొలం పొలంగానే ఉంటుంది. చిక్కల్లా నేను మొదట చెప్పినదే. ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితే లేదు. ఊరికే ఎత్తు కట్టుకునే వీలుంటే డబ్బిచ్చి హక్కు ఎవడు కొంటాడు? ఏ సెట్‌బ్యాక్ సడలింపుకో, ఒకట్రెండు అంతస్తులకో కొంటాడు, అంతే. ముందు కోకాపేటలో ఒక హద్దు పెట్టి, అది దాటాలంటే మొయినాబాద్ కాగితం కొనాల్సిందే అంటే అప్పుడు ఆ కాగితానికి విలువ.

డిమాండ్ దాసు:
అంటే ఉన్నచోట కూడా తక్కువ కట్టమంటారా! ధర ఇంకా పెరుగుతుంది.

సెట్‌బ్యాక్:
కొంత పెరగొచ్చు, కాదనను. ఆ పెరిగింది ఈసారి చెరువు కాపాడేవాళ్లకి పోతుంది.

మొయినాబాద్ పూలబండి:
దాసన్నా, ఇప్పటికిప్పుడు తెరిచినా మాకేం పెద్దగా మిగలదు. మా ఊళ్లో రోడ్డు పక్క నేల సగం పైగా ఇప్పటికే సారువాళ్ల పేరు మీదకి పోయింది. స్విమ్మింగ్ పూల్ సారే ముందు లేఅవుట్ వేస్తాడు.

సెట్‌బ్యాక్ గారూ, మీరన్న కాగితం సంగతి మా నాన్నకి చదివి వినిపించాను. రెండు ప్రశ్నలు అడిగాడు. ఆ కాగితం బ్యాంకులో పెడితే లోన్ ఇస్తారా అని ఒకటి. అమ్మేసిన అర ఎకరానికి కాగితం మాకొస్తుందా, సారుకి వస్తుందా అని రెండోది. మీకు తెలిస్తే చెప్పండి, నేను మూడున్నరకి మార్కెట్ నుంచి చూస్తాను.