తెల్లవారుజామున కడుపునొప్పి, ఒంటి మీద గాటు లేదు. కట్లపామని ఎలా పట్టుకోవాలి?

నైట్‌డ్యూటీ హౌస్‌సర్జన్:
నమస్తే. జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో పోస్టింగ్. పోయిన వారం ఉదయం ఐదింటికి 22 ఏళ్ల కుర్రాణ్ని తెచ్చారు. కడుపునొప్పి, రెండు వాంతులు. రాత్రి పెళ్లి భోజనం తిన్నాడట. ఇంకేముంది, ఫుడ్ పాయిజనింగ్ అనుకున్నాం. ఎసిడిటీకి పాంటోప్రజోల్, వాంతులకి ఆండాన్‌సెట్రాన్ ఇచ్చి పక్కన పడుకోబెట్టాను. ఆరున్నరకి వాళ్లమ్మ వచ్చి "వీడికి కళ్లు మూతలు పడిపోతున్నాయి సార్" అంది. రాత్రంతా నిద్ర లేదు కదమ్మా అన్నాను. ఏడింటికి మాట ముద్దగా వస్తోంది, ఉమ్మి మింగలేకపోతున్నాడు. అప్పుడు డ్యూటీ సార్ వచ్చి ఒక్కటే అడిగారు: "రాత్రి ఎక్కడ పడుకున్నాడమ్మా?" "కింద, చాప మీద."

ఒళ్లంతా వెతికాం. గాటు లేదు, వాపు లేదు, రక్తం గడ్డకడుతోందా అని చూసే క్లాటింగ్ టెస్ట్ నార్మల్. అయినా కట్లపామే అని పది వయల్స్ (చిన్న సీసాలు) యాంటీవీనమ్, అంటే పాము విషానికి విరుగుడు, పెట్టించారు. గొంతులోకి ఊపిరి ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద పెట్టాం. ఐదో రోజు ట్యూబ్ తీశాం, బాగున్నాడు. కానీ ఆ రెండు గంటలు తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే. మొదటే ఏం చూసి ఉండాల్సింది?

మత్తు డాక్టర్:
తమ్ముడూ, కట్లపాము కోరలు చిన్నవి. చాలాసార్లు గాటు కనబడదు, నొప్పీ ఉండదు, నిద్రలోనే కాటు పడిపోతుంది. వానాకాలంలో నేల మీద పడుకున్నవాడు తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తే నేను పొట్ట కంటే ముందు రెప్పలు చూస్తాను. ఒక నిమిషం పైకే చూడమను. రెప్పలు జారిపోతుంటే అది నిద్ర కాదు. దిండు మీంచి తల లేపమను. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించి, ఎంతదాకా వచ్చాడో కేస్ షీట్‌లో రాయి. అరగంటకి మళ్లీ. పాతిక దాకా లెక్కపెట్టినవాడు పదిహేను దగ్గర ఆగిపోతే ట్యూబ్ సిద్ధం చేసుకో. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 98 ఉందని కూర్చోకు, అది పడేది చివర్లో.

క్లాటింగ్ చెడేది రక్తపింజరి కాటులో. కట్లపాముది నరాల మీద పనిచేసే విషం. అన్నట్టు, ఆ 20 నిమిషాల క్లాటింగ్ టెస్ట్ శుభ్రమైన, పొడి గాజు ట్యూబ్‌లోనే చెయ్యి. ప్లాస్టిక్‌లో మంచి రక్తమూ గడ్డకట్టక నిన్ను తిప్పలు పెడుతుంది.

నైట్‌డ్యూటీ హౌస్‌సర్జన్:
సార్, కండరాల బలహీనతకి నియోస్టిగ్మైన్ ఇంజెక్షన్ కూడా ఇచ్చాం, ఏమీ కదల్లేదు. ఇంకా యాంటీవీనమ్ ఇవ్వాల్సిందా?

మత్తు డాక్టర్:
నాగుపాము విషం కండరం వైపు రిసెప్టర్లకి, అంటే నరం కబురు అందుకునే చోట్లకి, అడ్డం పడుతుంది. నియోస్టిగ్మైన్‌తో అసిటైల్‌కోలిన్ (నరం నుంచి కండరానికి కబురు మోసే రసాయనం) పెరిగితే ఆ అడ్డు తొలగుతుంది, అందుకే కొందరు చూస్తుండగానే కళ్లు తెరుస్తారు. కట్లపాము విషం నరాల చివరలనే పాడుచేస్తుంది. అసలు అసిటైల్‌కోలినే బయటికి రానప్పుడు మందు దేన్ని పెంచుతుంది? ఆ చివరలు బాగుపడాలి, దానికి రోజులు పడుతుంది. యాంటీవీనమ్ రక్తంలో తిరిగే విషాన్నే పడుతుంది, నరాల్లోకి దిగిపోయినదాన్ని కాదు. లక్షణాలు ముదురుతుంటే గంటా రెండు గంటలకి ఇంకో పది వయల్స్, అంతే. ఇరవై తర్వాత భారం వెంటిలేటర్‌దే. పిల్లలకీ ఇదే డోసు, తగ్గించకు. విషం పిల్లాడని చూసి తక్కువ పడదు కదా.

ఐసీయూ స్టాఫ్ నర్సు:
డాక్టర్ గారూ, నావి కూడా రెండు మాటలు. వయల్‌ని గిలక్కొట్టొద్దు, నురగ వస్తుంది. మెల్లగా తిప్పండి. టెస్ట్ డోసు అంటూ టైమ్ పోగొట్టొద్దు, దాన్నిబట్టి రియాక్షన్ రాదని చెప్పలేం. అడ్రినలిన్ సిరంజిలో తీసి ట్రేలో ఉంచుకోండి. దద్దుర్లు, ఆయాసం మొదలైతే పెద్దవాళ్లకి 0.5 మిల్లీగ్రాములు తొడ కండలోకి.

ఇంకోటి. ఈ కేసుల్లో రెప్ప కదలదు, కంటిపాప వెలుగుకి కదలకపోవచ్చు. బ్రెయిన్ డెడ్ అని ఇంట్లోవాళ్లకి చెప్పబోయినవాళ్లని చూశాను. కానీ పేషెంట్‌కి అన్నీ వినిపిస్తుంటాయి. మా దగ్గర ఒకమ్మాయి ట్యూబ్ తీశాక, మంచం పక్కన ఎవరేమన్నారో వరసగా అప్పజెప్పింది. మా డ్యూటీ డాక్టర్ క్రికెట్ స్కోరు అడగడంతో సహా!

నైట్‌డ్యూటీ హౌస్‌సర్జన్:
అయ్యో మేడమ్, మేం అతని పక్కనే నిలబడి పెళ్లి భోజనం మీద జోకులేసుకున్నాం. రేపు డిశ్చార్జ్. పొద్దున్నే వార్డుకి వెళ్తాను.