దోహా చూశామా, దోహాలో దిగామా?

మొన్న గ్రూపులో ఒకరు అడిగారు: అమెరికా వెళ్తూ దారిలో నాలుగైదు గంటలు ఏదో ఒక దేశం ఎయిర్‌పోర్టులో కూర్చుంటాం కదా, ఆ లేఓవర్‌ని తెలుగులో ఏమనాలి, అలా కూర్చున్నందుకు ఆ దేశం చూశామని చెప్పుకోవచ్చా అని. కింద విరామం, నిలుపుదల, మధ్యవిరామం అని చాలా మాటలు వచ్చాయి. నా ఓటు మజిలీకి. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మజిలీకి మూలం అరబ్బీ. అక్కడ 'నజల' అంటే దిగాడు, 'మంజిల్' అంటే దిగే చోటు. ఉర్దూలో అది గమ్యం అయింది, నేటి అరబ్బీలో ఇంటిని కూడా ఆ మాటతోనే పిలుస్తారు, మన దగ్గర మాత్రం దారిలో ఆగే చోటుగా నిలిచిపోయింది. నాకు బాగా నచ్చే సంగతి ఏమిటంటే మన 'దిగు' కూడా ఇలాగే నడుస్తుంది. మెట్లు దిగుతాం, బస్సు దిగుతాం, పెళ్లికి వెళ్తే విడిదింట్లో దిగుతాం. "బెజవాడలో ఎక్కడ దిగారండీ?" అని అడిగితే ఏ లాడ్జిలో ఉన్నారనే కదా అర్థం! అరబ్బీకీ తెలుగుకీ చుట్టరికం లేదు, అయినా రెండు చోట్లా ఆగడమంటే దిగడమే.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర పుస్తకం నిండా మజిలీలే. దారి ఎలా ఉంది, నీళ్లు దొరుకుతాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా, ఇలా దారిన పోయేవాడికి కావలసినవన్నీ రాసుకుంటూ పోయారు. ఎయిర్‌పోర్టులో మనం వెతికేది కూడా అదే కదా: మంచినీళ్లు ఎక్కడ, శాకాహారం దొరుకుతుందా, ఫోను చార్జింగ్ పెట్టుకునే చోటుందా, గేటు ఎంత దూరం.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పిన్ని తన కూతురి పురుడుకని అమెరికా వెళ్తూ ఖతార్ రాజధాని దోహాలో ఆగింది. తిరిగొచ్చాక "దోహా కూడా చూశాం" అంటే, మనవడు "అది ట్రాన్సిట్ అమ్మమ్మా, దోహా కాదు" అని అడ్డుపడ్డాడు. వాడి మాటలో నిజం ఉంది. ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దాటకపోతే పాస్‌పోర్టులో ముద్ర పడదు, చట్టం లెక్కలో ఆ దేశంలోకి అడుగు పెట్టనట్టే. పైగా 2014లో తెరిచిన ఆ హమద్ విమానాశ్రయం చాలా మేరకు సముద్రాన్ని పూడ్చిన నేల మీద ఉంది, అంటే దోహా ఊరి పాత నేల కూడా కాదు. కానీ పిన్ని చూసినవి ఉన్నాయి కదా! తల మీద దీపం పెట్టుకున్నట్టుండే ఆ పెద్ద పసుపు ఎలుగుబంటి బొమ్మ, కుడి నుంచి ఎడమకు రాసిన బోర్డులు, నమాజు గదులు, కుర్చీల మీద ఒరిగి నిద్రపోతున్న ఎన్నో దేశాలవాళ్లు, కిటికీలోంచి ఇసుక రంగులో కనిపించిన ఎండ. ఇవన్నీ 'ట్రాన్సిట్' అనే ఒక్క మాటతో కొట్టేస్తే నాకు బాధగా ఉంటుంది. "దోహాలో దిగాం, ఇవి కనిపించాయి" అంటే మనవడికీ అభ్యంతరం ఉండదు, పిన్ని చెప్పే కబుర్లలోనూ ఏదీ తగ్గదు.

సింగపూర్ సంగతి ఇంకా చిత్రం. అక్కడి ఛాంగీ విమానాశ్రయంలో 2019లో తెరిచిన జ్యూయెల్ అనే మాల్‌లో 40 మీటర్ల జలపాతం ఉంది, దాని దగ్గరికి నడిచి వెళ్లాలంటే ఇమ్మిగ్రేషన్ దాటాలి, కానీ టెర్మినళ్ల మధ్య తిరిగే చిన్న రైల్లో వెళ్తే అద్దంలోంచి కనబడుతుంది. దీనికి 'తొంగిచూశాం' అనే మాట సరిగ్గా సరిపోతుంది.

మనల్ని కూడా దేశం ఇలాగే చూస్తోందని మరిచిపోవద్దు. చెన్నై నుంచి ఢిల్లీకైనా హౌరాకైనా వెళ్లే రైళ్లు చాలావరకు విజయవాడ మీదుగానే వెళ్తాయి. కృష్ణ మీద వంతెన, ఎడమ పక్క ప్రకాశం బ్యారేజీ, ఇంద్రకీలాద్రి, తర్వాత ప్లాట్‌ఫాం మీద కాసేపు, అంతే. వన్‌టౌన్ సందుల్లోకి రాలేదు, దుర్గమ్మ కొండ ఎక్కలేదు. వాళ్లు "విజయవాడ చూశాం" అంటే మనం ఊరుకోం. "విజయవాడ మీదుగా వెళ్లాం" అంటే మాత్రం ఎవరూ కాదనరు. ఈ 'మీదుగా' ఎంత నిజాయితీ ఉన్న మాటో చూడండి.

తెనాలి సభ్యురాలు: మజిలీ అంటే రాత్రి బస ఉండాలి కదండీ? మూడు గంటల ఆగడాన్ని మజిలీ అంటే పెద్ద మాట అవదూ?

జవాబు: కాళ్లతోనూ బళ్లతోనూ తిరిగిన రోజుల్లో ఆగితే ఎక్కువగా రాత్రికే ఆగేవాళ్లండీ, అందుకని ఆ అర్థం బలంగా నిలిచింది. మాట లోపలున్నది మాత్రం దిగడమే, ఎంతసేపని కాదు. జీవితంలో ఇదొక మజిలీ అంటున్నప్పుడు కూడా మనం రాత్రులు లెక్కపెట్టం కదా.

మంగళగిరి సభ్యుడు: అబూధాబీలో అయితే అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. అప్పుడు ఏ దేశంలో ఉన్నామనాలి?

జవాబు: అవును, 2014 నుంచి ఆ ఏర్పాటు ఉంది. "అబూధాబీ మజిలీలోనే అమెరికా ఇమ్మిగ్రేషన్ అయిపోయింది" అని రాయండి, వాక్యంలో రెండు దేశాలూ వచ్చేస్తాయి, చదివేవాళ్లకి తికమక ఉండదు.