రోజూ చూసే చెట్లను దగ్గరగా చూడాలంటే ఏ లెన్స్ మంచిది? తిరుపతివాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కపిలతీర్థం వైపు. ఏడో తరగతి చదివే మా పాప, నేను కలిసి వీధిలో చెట్లను దగ్గరగా చూడటం అలవాటు చేసుకుంటున్నాం. కొంచెం సాయం కావాలి.

ఉగాదికి వేపపూత అందరం కోస్తాం కదా, ఈసారి ఒక్క పువ్వును ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడండి. ఐదు తెల్లటి రేకులు, మధ్యలో బుల్లి గొట్టం. పది కేసరాలు ఒకదానికొకటి అతుక్కుని ఆ గొట్టం అవుతుంది. ఇంత నాజూకు పని మన గుమ్మం ముందే ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రావి చిగుళ్ల రాగిరంగు కూడా పాపకు తెగ నచ్చింది.

చిక్కంతా కానుగ దగ్గర. ఆకుల నిండా పొక్కుల్లాంటి బుడిపెలు. కంటికి ఆనని నల్లి జాతి పురుగుల వల్ల వస్తాయట. బుడిపెను చీల్చి చూశాం, ఫోన్‌లో ఏమీ కనబడలేదు. పది రెట్లు చూపించే లెన్స్ సరిపోతుందా, ఇంకా పవర్ కావాలా? తిరుపతిలో ఏ షాపుల్లో అడగాలి?

ఇంకొకటి. మన శేషాచలం ఎర్రచందనం కాయ గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్కతో ఉంటుంది. పాపకు అది చూపించాలి. అడవిలోకి వెళ్లకుండా ఊళ్లోనే, అనుమతి అడిగి చూడగలిగే చెట్టు ఎక్కడైనా ఉందా? ఏ నెలలో వెళ్తే కాయలు ఉంటాయో కూడా చెప్పండి.