గిబ్సన్‌ని ఇచ్చి బిచెట్‌ని తీసుకోవాలా? రేపు పొద్దున ఏడున్నరలోపు చెప్పాలి

నకిరేకల్_చిట్టా:

అన్నలకు, సార్లకు నమస్తే. ముందే చెప్తున్నా, ఇది క్రికెట్ ఫాంటసీ కాదు. బేస్‌బాల్ సిమ్ లీగ్. కట్టేది లేదు, గెలిస్తే వచ్చేది లేదు. డాలస్‌లో ఉండే మా బావ వాళ్ల లీగ్‌లో ఒకాయన సీజన్ మధ్యలో టీమ్ వదిలేసి వెళ్లిపోయాడు. "నువ్వు పొద్దంతా లెక్కలు రాసేటోడివే కదా, ఇవీ చూడు" అని బావ నా మెడకు చుట్టాడు. నేను నకిరేకల్‌లో ఒక నిమ్మకాయల కమీషన్ దుకాణంలో చిట్టా రాస్తా. లెక్కలు వచ్చు గానీ బేస్‌బాల్ ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తా. ఈ లీగ్‌లో ఆటగాడు తన ఏదో ఒక సంవత్సరం లెక్కలతో వస్తాడు. 1927 బేబ్ రూత్ ఒకరి టీమ్‌లో ఉంటే, 2004 ఇచిరో ఇంకొకరి టీమ్‌లో ఉంటాడు. ఒక్కొక్కరికి ఒక ధర, మొత్తం కలిపి శాలరీ క్యాప్ దాటొద్దు. లైనప్, పిచర్ల (బంతి విసిరేవాళ్ల) వరుస మనం పెడతాం, ఆట కంప్యూటర్ ఆడుతుంది. అమెరికా ఈస్ట్‌లో రాత్రి పదింటికి సిమ్ నడుస్తుంది. ఇక్కడ పొద్దున ఏడున్నర. బస్తాలు దిగకముందే ఫోన్ తెరిచి చూసుకుంటా.

నాకు వచ్చిన టీమ్‌లో పెద్ద పేరు పిచర్ 1968 బాబ్ గిబ్సన్. ఆ ఏడు ఆయన ఈఆర్ఏ 1.12, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఒక పరుగు చిల్లర ఇచ్చాడు. మా లీగ్‌లో మాత్రం 4.60. సొంత గ్రౌండ్ డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్. పాతాయన ఎంచుకున్నది, సీజన్ అయ్యేదాకా మార్చడానికి వీల్లేదు.

ఇప్పుడు ఒహాయోలో ఉండే ఒకాయన ట్రేడ్ పంపాడు. గిబ్సన్ ఇస్తే 1999 డాంటే బిచెట్ అనే బ్యాటర్, దాంతోపాటు ఈఆర్ఏ రెండు లోపున్న ఒక రిలీవర్ (ఆట మధ్యలో వచ్చి వేసే పిచర్). ఆ రిలీవర్ నిజంగా వేసింది నలభై ఇన్నింగ్సే. బిచెట్ ఆ ఏడు 34 హోమ్ రన్లు (గోడ దాటే దెబ్బలు) కొట్టి, 133 పరుగులు ఇంటికి చేర్చాడు, అంటే తన బ్యాటింగ్‌తో అన్ని పరుగులు రప్పించాడు. చూస్తే నోరూరుతోంది. ట్రేడ్ల గడువు రేపటి సిమ్‌తో అయిపోతుంది.

నిన్నటి లాగ్ కూడా పెడుతున్నా. ఆరో ఇన్నింగ్స్ పైభాగం (అవతలి టీమ్ బ్యాటింగ్), స్కోరు 3-3, పిచర్ గిబ్సన్. మొదటి బ్యాటర్‌కు వాక్ (నాలుగు చెడ్డ బంతులు పడి ఊరికే ఫస్ట్ బేస్). రెండోవాడు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్). మూడోవాడు రైట్, సెంటర్ ఫీల్డర్ల మధ్య గ్యాప్‌లోకి డబుల్ (రెండో బేస్ దాకా), ఫస్ట్ బేస్ మీది రన్నర్ హోమ్‌కు, ఒక పరుగు. నాలుగోవాడు గ్రౌండౌట్ (నేల బంతికి అవుట్), రన్నర్ థర్డ్‌కు. ఐదోవాడు సెంటర్‌ఫీల్డర్ తల మీదుగా ట్రిపుల్ (మూడో బేస్ దాకా). ఆరోవాడు లెఫ్ట్‌లోకి సింగిల్. ఏడోవాడు స్ట్రైకౌట్. 3-6.

ఇంకో సంగతి. మేం చేసిన పరుగులు, ఇచ్చిన పరుగులు దాదాపు సమానం. అయినా ఓటములు గెలుపుల కంటే పది ఎక్కువ. అది కూడా నాకు ఎక్కడం లేదు.

కోదాడ_బస్టాండ్:

అన్నా, డబ్బుల్లేని ఫాంటసీ కూడా ఉంటదా? మన రాష్ట్రంలో 2017లోనే పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు బంద్ చేస్తే, మావోళ్లు ఆడటమే మానేశారు. నువ్వు ఊరికే పొద్దున్నే టెన్షన్ పడుతున్నావంటే దండం పెట్టాలి.

పాలమూరు_పీఈటీ:

తమ్మీ, బిచెట్ మాట తర్వాత. ముందు గిబ్సన్ సంగతి తేల్చుకో.

నేను జిల్లా పరిషత్ స్కూల్లో ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పి రిటైర్ అయినవాణ్ణి. సిమ్ లీగ్ నాకు మా అబ్బాయి అంటించిన రోగం. ఏ అంకె చూసినా నేను మొదట అడిగేది ఒకటే: ఏ ఏడు, ఏ గ్రౌండ్? నువ్వు ఉండే చోటే చెప్తా. మీ మార్కెట్‌లో ఎండాకాలం నిమ్మకాయ బస్తా రేటునూ వానాకాలం రేటునూ పక్కపక్కన పెట్టి, ఏ రైతు కాయ మంచిదో చెప్పమంటే చెప్తావా? చెప్పవు. కానీ 1.12 చూడగానే అందరూ నెల మర్చిపోతారు.

1968 పిచర్ల సంవత్సరం. ఆ ఏడు లీగ్ మొత్తం ఈఆర్ఏనే మూడు దగ్గర. అక్కడి రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో బ్యాటింగ్ టైటిల్ గెలిచిన కార్ల్ యాస్ట్రెమ్స్కీ సగటు .301 (పదింటికి మూడు హిట్లు), ఆ లీగ్‌లో .300 దాటింది ఆయనొక్కడే. ఇగ లాభం లేదని మరుసటి ఏడు పిచర్ నిలబడే మట్టి దిబ్బను 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు దించారు, స్ట్రైక్ జోన్ (పిచర్ బంతి వేయాల్సిన హద్దు) కూడా కుదించారు. అదే 1930కి వెళ్లి చూడు. రెండో లీగ్ అయిన నేషనల్ లీగ్ మొత్తం, పిచర్ల బ్యాటింగ్ కూడా కలుపుకొని, .303 కొట్టింది. అంటే ఒక ఏడు ఛాంపియన్ కంటే ఇంకో ఏడు సగటు మనిషి ఎక్కువ కొట్టాడు. ఇద్దరినీ ఒకే గ్రౌండ్‌లో దించాలంటే సిమ్ ఆ తేడాను సరిచేయక తప్పదు. నీ గిబ్సన్ ఈఆర్ఏ అక్కడే లేచింది.

2000 పెడ్రో మార్టినెజ్‌ని చూడు. ఈఆర్ఏ 1.74. పైకి గిబ్సన్ కంటే ఎక్కువ. కానీ ఆ ఏడు అమెరికన్ లీగ్ సగటు ఐదు దగ్గర, రెండో స్థానంలో ఉన్న క్లెమెన్స్‌ది 3.70. రెండో మనిషి ఇచ్చిన పరుగుల్లో సగానికంటే తక్కువ ఇచ్చాడు. లీగ్‌ను, గ్రౌండ్‌ను కలిపి లెక్కగట్టే ఈఆర్ఏ ప్లస్ అని ఒకటుంది, అందులో సగటు 100. గిబ్సన్‌కు 258, పెడ్రోకు 291. మీ సైట్‌లో ఆ కాలమ్ ఉంటే మామూలు ఈఆర్ఏ కాలమ్‌ను దాచేసెయ్.

ఇక గ్రౌండ్. డెన్వర్ సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉంటుంది, గాలి పల్చన. బంతి దూరం పోతుందని కూర్స్‌లో గోడలను ముందే వెనక్కి జరిపి కట్టారు. లెఫ్ట్ 347 అడుగులు, సెంటర్ 415, రైట్ 350. అందరూ హోమ్ రన్ల గ్రౌండ్ అంటారు గానీ, నన్నడిగితే అసలు తంటా గోడకూ ఫీల్డర్‌కూ మధ్య ఖాళీ జాగాతోనే. 2002 నుంచి బంతులను తేమ గదిలో పెట్టి వాడుతున్నారు. దాంతో హోమ్ రన్లు కొంత తగ్గాయి, ఖాళీ జాగా మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు నీ లాగ్ మళ్లీ చదువు. హోమ్ రన్ ఒక్కటన్నా ఉందా? స్ట్రైకౌట్లు రెండు, గ్రౌండౌట్ ఒకటి. పిచర్ తన వంతు చేశాడు. ఒక్క వాక్ ఆయన ఖాతాలో వేసుకుందాం. డబుల్ పడింది రైట్-సెంటర్ గ్యాప్‌లో. ట్రిపుల్ సెంటర్‌ఫీల్డర్ తల మీదుగా పోయింది. నీ సెంటర్‌ఫీల్డర్ ఎవరు తమ్మీ? ఆ పేరు నువ్వు రాయలేదు. ఎవరూ రాయరు. మా స్కూల్లోనూ ఇంతే. అందరికీ పిచింగే కావాలి, సెంటర్‌కు పొమ్మంటే మొహం ముడుచుకునేవాళ్లు. బాగా ఉరికే పిల్లను బతిమాలి అక్కడ నిలబెట్టేవాణ్ణి.

దేవరకొండ_డేటా:

సార్ చెప్పిందాంట్లో ముప్పావు వంతు ఒప్పుకుంటా. ఒక్కచోట మాత్రం అడ్డం పడతా. పెడ్రో 2000లో వేసింది 217 ఇన్నింగ్స్. గిబ్సన్ 1968లో 304కు పైన. చాలా సిమ్‌లలో ఆటగాణ్ణి నిజంగా ఆడిన దానికంటే ఎక్కువ వాడుకోనివ్వరు, వాడినా అలిసిపోతాడు. 162 ఆటలంటే తొమ్మిది చొప్పున 1,458 ఇన్నింగ్స్ ఎవరో ఒకరు వేయాలి. అందులో ఐదో వంతు గిబ్సన్ ఒక్కడే మోస్తాడు. ఆయనకు బదులు నలభై ఇన్నింగ్స్ రిలీవర్ వస్తే మిగతా 260 ఎవరు వేస్తారు? వేవర్ లిస్ట్‌లో (ఏ టీమ్‌లోనూ లేనివాళ్ల జాబితా) దొరికే ఆరు ఈఆర్ఏ బాపతు వాళ్లు. ఈ ట్రేడ్‌లో ఒహాయో ఆయన ఆ రిలీవర్‌ను తాయిలంగా వేశాడంతే.

పది ఎక్కువ ఓటముల గురించి. బేస్‌బాల్ లెక్కలు రాసే బిల్ జేమ్స్ సూత్రం ఒకటుంది. చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగిస్తే, టీమ్ ఎన్ని వంతులు గెలవాల్సిందో వస్తుంది. పరుగులు సమానమైతే జవాబు సగం. నువ్వు సగానికంటే కింద ఉన్నావంటే ఒక్క పరుగు తేడా ఆటలు ఎక్కువ పోయి ఉంటాయి. ఇందులో ఎక్కువ పాలు అదృష్టానిదే, కొంత బుల్‌పెన్‌ది, అంటే రిలీవర్లది. మిగిలిన సీజన్‌లో కూడా అదే దురదృష్టం ఉంటుందని టీమ్‌ను పీకి పందిరెయ్యకు.

నకిరేకల్_చిట్టా:

సెంటర్‌ఫీల్డర్ పేరు అడిగారు కదా సార్, సైట్‌లో ఆయన ఫీల్డింగ్ గ్రేడ్ ఇప్పుడే చూశా. చెప్పుకునేలా లేదు. పాతాయన ఒక లెఫ్ట్‌ఫీల్డర్‌ను తెచ్చి సెంటర్‌లో నిలబెట్టాడు, బ్యాటింగ్ బాగుందని. ఒక ఫస్ట్ బేస్‌మన్ మాత్రం బెంచ్ మీద ఊరికే కూర్చున్నాడు, పవర్ ఉంది.

మరి బిచెట్ వస్తే లెఫ్ట్‌లో ఆడిస్తే సరిపోదా? 133 మందిని ఇంటికి చేర్చినవాడు కదా.

పాలమూరు_పీఈటీ:

ఆ 133 దగ్గరే ఆగు. 1999 బిచెట్ ఆడింది కొలరాడోకే, ఇదే కూర్స్‌లో. ఇంటికి చేర్చాలంటే ముందు బేస్‌ల మీద మనుషులు ఉండాలి, ఆ గ్రౌండ్‌లో వాళ్లకు కరువు లేదు. బ్యాటింగ్, ఫీల్డింగ్, గ్రౌండ్ అన్నీ కలిపి కొలిచే వార్ అనే లెక్కలో ఆ ఏడు ఆయనకు వచ్చింది సున్నా కంటే కింద. 34 హోమ్ రన్లు కొట్టి కూడా! లెఫ్ట్‌లో నిలబడి బ్యాట్‌తో తెచ్చిందంతా గ్లవ్‌తో పోగొట్టాడు. ఇప్పటికే సెంటర్‌లో బొక్క ఉంది, పక్కన ఇంకోటి పెడతానంటావా?

బ్యాటింగ్ ఒక్కటే చూసుకుంటే ఏమవుతుందో 1930 ఫిలడెల్ఫియా ఫిలీస్‌ను అడగాలి. టీమ్ మొత్తం .315 కొట్టింది. చక్ క్లైన్ ఒక్కడే 170 పరుగులు ఇంటికి చేర్చాడు. రైట్‌లో గోడ 280 అడుగులే. అదే గ్రౌండ్‌లో తమ పిచర్లు కూడా వేయాలి కదా, టీమ్ ఈఆర్ఏ 6.71. గెలిచినవి 52, ఓడినవి 102, ఆఖరి స్థానం. నాకు లీగ్‌లో ఎవరైనా ఆ ఏటి ఫిలీస్ బ్యాటర్‌ను అంటగట్టాలని చూస్తే నవ్వొస్తుంది.

గిబ్సన్‌ను అమ్మొద్దని నేననను. 1.12 చూసి మురిసేవాడు దొరికితే ఆ అంకెకు తగ్గ ధర రాబట్టు. అది నీ చేతిలో ఉన్న సరుకు. బిచెట్‌కు మాత్రం కాదు. ఒహాయో ఆయన దగ్గర సెంటర్‌ఫీల్డర్లు ఎవరున్నారో చూశావా?

దేవరకొండ_డేటా:

అమ్మితే స్టార్టర్ (ఆట మొదలుపెట్టి ఎక్కువ ఇన్నింగ్స్ వేసే పిచర్) తిరిగి రావాలి, అంతే నా షరతు. రెండు వందల ఇన్నింగ్స్ కంటే తక్కువ వేసినవాణ్ణి ముట్టుకోకు.

నకిరేకల్_చిట్టా:

చూశా. ఇద్దరున్నారు. 1999 ఆండ్రూ జోన్స్, 1976 గ్యారీ మాడక్స్. రాత్రి మెసేజ్ పెట్టా. గిబ్సన్‌కు ఆండ్రూ, దాంతోపాటు ఒక స్టార్టర్ అడిగా. ఆండ్రూను కదిలించనన్నాడు. "133 నీకు వద్దా?" అని మళ్లీ బిచెట్ ఫొటో పంపాడు. వద్దన్నా.

తర్వాత గిబ్సన్‌ను పక్కన పెట్టి, బెంచ్ మీది ఫస్ట్ బేస్‌మన్‌ను ఇస్తా, మాడక్స్‌ను ఇమ్మన్నా. ఆయనకు ఫస్ట్ బేస్‌లో గాయమైందట, వెంటనే ఒప్పేసుకున్నాడు. పొద్దున ఏడింటికి కమిషనర్ ఓకే కొట్టాడు. గిబ్సన్ నా దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు మాడక్స్‌ను లైనప్‌లో ఎక్కడ వేయాలి? .330 కొట్టిన ఏడు కాబట్టి మొదట పంపుదామని అనుకుంటున్నా.

కోదాడ_బస్టాండ్:

నిమ్మకాయల బేరం కంటే ఇదే నయముంది.

పాలమూరు_పీఈటీ:

మంచి బేరం తమ్మీ. డెబ్బైల్లో సెంటర్‌ఫీల్డ్‌లో ఆయనంత నేల కప్పినవాళ్లు తక్కువ, 1975 నుంచి వరసగా ఎనిమిది గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్‌కు ఇచ్చే బహుమతి). లైనప్‌లో మాత్రం మొదట వేయకు. .330 కొట్టినా వాక్‌లు పెద్దగా తీసుకునే మనిషి కాదు. మొదటి స్థానానికి ఆన్‌బేస్ (బేస్ మీదికి చేరే సగటు) ఎక్కువున్న వాణ్ణి చూడు, ఈయన్ని ఆరులోనో ఏడులోనో వెయ్. ఇప్పటిదాకా సెంటర్‌లో ఆడినవాణ్ణి లెఫ్ట్‌కు జరుపు, అది అతని సొంత జాగానే. ఇంకొకటి, గిబ్సన్ తర్వాతి మ్యాచ్ బయటి గ్రౌండ్‌లో పడేలా పిచర్ల వరుస జరపడానికి వీలుంటే ఇప్పుడే జరిపెయ్. ఏడున్నరకు ఇంకా పది నిమిషాలుంది.